చర్చ: ఎల్‌కేజీ పిల్లలకు సిగ్నల్ రంగుల పాఠం రక్షణ ఇస్తుందా?

కూకట్‌పల్లి తల్లి (చర్చ ప్రారంభం)

మా అమ్మాయి ఎల్‌కేజీ చదువుతోంది. రోడ్డు భద్రత పేరుతో బడిలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కాగితాలు గుండ్రంగా కత్తిరింపజేసి, "ఎరుపు అంటే ఆగాలి, పచ్చ అంటే వెళ్లాలి" అని పిల్లల చేత వల్లె వేయిస్తున్నారు. ఇది బండి నడిపేవారి పాఠం. కాలినడకన దాటే పిల్లకు ఇదే మాట ప్రమాదం తెస్తుందేమోనని నా భయం. మన కూడళ్లలో చాలాచోట్ల పాదచారులకు వేరే దీపం ఉండదు కనుక పిల్లకు కనిపించేది వాహనాల దీపమే. తాను దాటవలసిన రోడ్డు మీది వాహనాలకు పచ్చ వెలిగినప్పుడు, బడిలో చెప్పినట్టే అడుగు ముందుకు వేస్తే ఏమవుతుంది? ఎరుపు వెలిగినా ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట ఎడమకు తిరిగే బండ్లు ఆగవు. ఈ వయసులో ఈ పాఠం అవసరమా అన్నది ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు చెప్పాలని కోరుతున్నాను.

వరంగల్ పంతులమ్మ

మీ భయంలో న్యాయం ఉందండీ, కానీ పాఠమే వద్దనడం నాకు సమ్మతం కాదు. రోడ్డు ఇష్టం వచ్చినట్టు పరుగెత్తే చోటు కాదని, అక్కడ అందరూ పాటించవలసిన నియమం ఒకటుందని నాలుగేళ్ల పిల్లలకు రంగుల ద్వారా తొలిసారి తెలుస్తుంది. పైగా విన్నదాన్ని వాళ్లు ఇంటికి మోసుకెళ్లి పెద్దలను నిలదీస్తారు. నాలుగేళ్లు దాటిన పిల్లలకు ద్విచక్ర వాహనంపై హెల్మెట్ తప్పనిసరి అని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. అంతకంటే చిన్నవారిలో తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కలిపి కట్టే పట్టీ కూడా ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదని 2022లో వెలువడిన నిబంధనలు చెబుతున్నాయి. మా తరగతి తల్లిదండ్రులలో చాలామందికి ఈ సంగతి పిల్లల నోటనే తెలిసింది.

రవాణా విద్యార్థి, హైదరాబాద్

పంతులమ్మ గారు చెప్పిన హెల్మెట్ సంగతితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, ఎందుకంటే అక్కడ పిల్ల గుర్తు చేస్తే పెద్దలు పాటిస్తారు. రోడ్డు దాటేటప్పుడు మాత్రం నిర్ణయం పిల్ల మీద పడుతుంది, దానికి కావలసిన చూపు ఆ వయసులో ఇంకా తయారు కాదు. స్వీడన్‌లో స్టీనా సాండెల్స్ అనే పరిశోధకురాలు 1960లలోనే చిన్నపిల్లలను పరిశీలించి, శిక్షణతో వారిని ట్రాఫిక్‌కు అనువుగా మలచలేమని, ట్రాఫిక్‌నే వారికి అనువుగా మార్చాలని వాదించారు. 2011లో లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయల్ హాలోవే పరిశోధకులు, ప్రాథమిక పాఠశాల వయసు పిల్లలు గంటకు సుమారు 32 కిలోమీటర్లు మించిన వేగంతో దగ్గరవుతున్న వాహనాన్ని నమ్మకంగా పసిగట్టలేరని చూపారు. వాహనం దగ్గరయ్యేకొద్దీ కంటికి పెద్దదవుతూ కనిపించే మార్పును పట్టుకునే శక్తి వారికి ఇంకా పెద్దల స్థాయికి చేరదు. అందువల్ల వేగంగా వచ్చే బండి వారికి దూరంగా నిలిచి ఉన్నట్టే తోచవచ్చు. ఖాళీ రోడ్డు దొరికితే మన బండ్లు ఆ వేగాన్ని ఎంత సులువుగా దాటుతాయో అందరికీ తెలుసు.

నేర్పడం వల్ల ఏమీ మారదని నేను అనడం లేదు. పాదచారుల శిక్షణపై జరిగిన 15 ప్రయోగాలను 2002లో కాక్రేన్ (ఆరోగ్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష పరిశీలించినప్పుడు, పిల్లల అవగాహన పెరిగిందని, వారు దాటే తీరు కూడా కొంత మారిందని తేలింది. అయితే గాయాలు తగ్గాయా లేదా అన్నది ఆ ప్రయోగాలలో ఒక్కటి కూడా కొలవలేదు, నేర్చినది కాలంతో మరుగున పడుతుంది కనుక మళ్లీ మళ్లీ నేర్పవలసి రావచ్చని కూడా ఆ సమీక్షే చెప్పింది.

అందుకే పాఠాన్ని తరగతి గదిలోంచి రోడ్డు అంచుకు తీసుకురమ్మని అడుగుతున్నాను. పెద్దల చేయి వదలకుండా కాలిబాట అంచున ఆగడం, మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కనుక ముందు కుడికి, తర్వాత ఎడమకు, మళ్లీ కుడికి చూడటం, ఆటోలోంచి ఎప్పుడూ ఎడమవైపే దిగడం, ఆగిన బస్సు ముందునుంచి పరుగెత్తకుండా అది కదిలి వెళ్లేదాకా నిలబడటం పిల్లలకు అలవాటు కావాలి. బడి ఆటో దిగే వీధిలో సిగ్నల్ ఉండదు, ఆగిన బండ్ల చాటు మాత్రం ఉంటుంది. దీపాల పాఠం వీటన్నిటి తర్వాత రావాలి, అప్పుడైనా "బండ్లన్నీ ఆగాయో లేదో చూడు" అన్న మాటతోనే రావాలి. పదేళ్లు వచ్చేదాకా రద్దీ రోడ్డును ఒంటరిగా దాటనివ్వరాదన్నది నా దృఢమైన అభిప్రాయం.

తుని దగ్గరి పల్లె నుంచి

మా ఊరి పక్కన 16వ నంబరు జాతీయ రహదారి పోతుంది, అక్కడ సిగ్నలే లేదు. పదేళ్ల దాకా చేయి వదలవద్దు అంటున్నారు కానీ, తల్లీతండ్రీ పొద్దున్నే కూలికి వెళ్లే ఇళ్లలో ఐదేళ్ల పిల్లవాడి చేయి పట్టుకునేది మూడో తరగతి చదివే అక్క. కేంద్ర ప్రభుత్వ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 32,825 మంది పాదచారులు రోడ్డు ప్రమాదాలలో మరణించారు. మాలాంటి ఊళ్లకు పాఠం కంటే ముందు రహదారి కింద నడిచే దారి కావాలి.

వరంగల్ పంతులమ్మ

నేను అనేది కూడా ఇదేనండీ. కింద నడిచే దారి కోసం అందరం అడగవలసిందే, కానీ అది వచ్చేలోపు ఆ అక్కకు ఎవరు నేర్పాలి? ఆమె ఒంటరిగా భద్రంగా దాటలేకపోవచ్చని పరిశోధన చెబుతున్నా, తమ్ముడిని తీసుకుని రోజూ దాటుతూనే ఉంది. నేర్పడం ఆలస్యం చేయాలన్న వాదన, చేయి పట్టుకునే పెద్దలు ఉన్న ఇళ్లకే వర్తిస్తుంది. "పచ్చ అంటే వెళ్లు" అన్న మాటను మాత్రం మా తరగతిలో మార్చుతాను.

కూకట్‌పల్లి తల్లి

ఈ శనివారం తల్లిదండ్రుల సమావేశంలో రెండు విషయాలు అడగదలచుకున్నాను. ఒకటి, ఆ వాక్యాన్ని "బండ్లు ఆగాకే, చేయి పట్టుకునే దాటాలి" అని మార్చడం. రెండోది, బడి వదిలే వేళ ఆటోలన్నీ గేటు ఉన్న వైపునే ఆగేలా చూడటానికి ఒక మనిషిని నిలబెట్టడం. రెండో ఏర్పాటు ఇప్పటికే ఉన్న బడులు ఏవైనా ఉంటే, ఆటో డ్రైవర్లను ఎలా ఒప్పించారో ఇక్కడ రాయగలరా?