ఒకే రకం విమానం ఒకసారి ఎత్తుగా, ఒకసారి కిందుగా ఎందుకు పోతుంది?

కిటికీపక్క:
మా ఇల్లు రన్‌వే చివర నుంచి సుమారు 5 కిలోమీటర్లు, సరిగ్గా విమానాలు పైకి లేచే దారి కింద. తెల్లవారుజామున 4 దాటిందంటే వంటింటి అలమరా గాజు తలుపు టకటకలాడుతుంది. ఏడాదిగా గమనిస్తున్నాను, ఒకే రకం విమానాలైనా కొన్ని మా నెత్తి మీదికి వచ్చేసరికి బాగా ఎత్తులో ఉంటాయి, కొన్ని మేడ తాకుతాయేమో అన్నట్టు పోతాయి. ఒకటి ఎక్కగలిగినంత ఎత్తు రెండోది ఎందుకు ఎక్కదు? ఇంధనం మిగుల్చుకోవడానికేనా? ఆ పనిలో ఉన్నవాళ్లెవరైనా చెప్పండి.

కుడిసీటు:
కో-పైలట్‌ని. మీ అనుమానం సగం నిజమండీ. బరువు, ఎండ, ఎదురుగాలి సంగతి ఎలాగూ ఉంది. అది కాక మోత తగ్గించే పద్ధతులే రెండు రకాలు, ఎన్‌ఏడీపీ 1, ఎన్‌ఏడీపీ 2 అంటాం. రెండింట్లోనూ 800 అడుగులు దాటాకే పవర్ తగ్గించాలి. ఒకటోదాంట్లో ఫ్లాప్స్ (తక్కువ వేగంలో విమానాన్ని పైకి మోసే, రెక్కల వెనక రేకులు) అలాగే ఉంచి, వేగం పెంచకుండా 3000 అడుగుల దాకా ఎత్తు మీదే ధ్యాస. రెండోదాంట్లో ముందుగానే ముక్కు కాస్త దించి, వేగం అందుకుని ఫ్లాప్స్ లోపలికి లాగేస్తాం. ఫ్లాప్స్ ఎంత త్వరగా లోపలికి పోతే ఇంధనం అంత కలిసొస్తుంది. కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్, కాబట్టి అదీ చిన్న విషయం కాదు. మామూలుగా ఒకటోది దగ్గరి ఇళ్లకి మేలు, రెండోది దూరపు ఇళ్లకి.

ఇంకో మెలిక. రన్‌వే పొడవుండి బరువు తక్కువైతే అసలు ఫుల్ పవర్ పెట్టం. 25 శాతం దాకా తగ్గించుకోవచ్చు. ఇంజిన్ అంతగా వేడెక్కదు, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, రన్‌వేని ఆనుకుని ఉన్నవాళ్లకి మోత కూడా తగ్గుతుంది. కానీ నిదానంగా ఎక్కుతాం, మీ మేడ దగ్గరికి వచ్చేసరికి కిందుగానే ఉంటాం. మిమ్మల్ని భయపెడుతున్నవి చాలావరకు ఇవే అయ్యుండొచ్చు. పొగకి మంచిది చెవికి చెడ్డదన్నమాట!

ర్యాంప్‌డ్యూటీ:
అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. నేల మీద సంగతి నన్నడగండి. పొగ లెక్కకి ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పెట్టుకున్న ప్రామాణిక లెక్కలో టేకాఫ్‌కి 0.7 నిమిషం, 3000 అడుగుల దాకా ఎక్కడానికి 2.2 నిమిషాలు, రానుపోను టాక్సీకి, అంటే రన్‌వేకీ విమానం నిలిపే గేటుకీ మధ్య నేల మీద నడకకి, 26 నిమిషాలు. ఆ టాక్సీలో ఇంజిన్ 7 శాతం పవర్ మీద సగం సగం మండుతూ కార్బన్ మోనాక్సైడ్ కక్కుతుంది. నిన్న తెల్లవారుజామున వరుసలో ఎనిమిది విమానాలు, అన్నీ ఇంజిన్లు వేసుకుని! కిరోసిన్ వాసనకి నా కళ్లు మండిపోయాయి. వంతు వచ్చేదాకా గేటు దగ్గరే కరెంటు తగిలించి ఆపొచ్చు. ఒక ఇంజిన్‌తోనే టాక్సీ చేసి, టేకాఫ్‌కి కొన్ని నిమిషాల ముందు రెండోది వేసుకోవచ్చు. దీనివల్ల ఏ కాలనీకీ నష్టం లేదు. చిక్కల్లా ఒక్కటే, ఆ గేటు కోసం ఇంకో విమానం వచ్చి కూర్చుంటుంది.

కిటికీపక్క:
అంటే మాకు ఒకటో పద్ధతి కావాలని అర్జీ పెడితే, మా వెనక 10 కిలోమీటర్ల అవతలివాళ్లు నన్ను తిట్టుకుంటారా?

కుడిసీటు:
తిట్టుకోవచ్చు. పైగా ఏది వాడాలో కాక్‌పిట్‌లో అప్పటికప్పుడు తేల్చుకునేది కాదు. ఒక రకం విమానానికి కంపెనీ రెండు పద్ధతులకి మించి పెట్టుకోకూడదు. కాబట్టి అర్జీలో ‘మోత భరించలేకున్నాం’ అని ఊరుకోకండి. తేదీ, నిమిషంతో సహా రాయండి, అప్పుడే ఏ విమానం ఎంత ఎత్తులో పోయిందో రాడార్ రికార్డుతో పోల్చగలరు. ఆ వెనక కాలనీవాళ్ల చేత కూడా రాయించండి.

కిటికీపక్క:
ఇవాళ మొదటిది 4:12కి, రెండోది 4:19కి. రెండోదే కిందుగా పోయింది. రాసుకున్నాను. అలమరా తలుపు సందులో అట్టముక్క కూడా దోపాను.