సమస్యాపూరణం: ఎండ ముదిరినకొద్దియు నిల్లు చలువ

సమస్య ఇచ్చింది (నల్లగొండ):
రోహిణి కార్తె. పిల్లల సెలవులని వారం రోజులకు ఊరికొచ్చినం. పొద్దున తొమ్మిది దాటితే వాకిట్ల కాలు పెట్టలేం. 44, 45 డిగ్రీలు మా జిల్లాకు కొత్త గాదు. నిన్న మధ్యాహ్నం కుండ పక్కన పండుకుంటే ఈ పాదం పుట్టింది. ఇదే ఆఖరి పాదంగ మీరు పద్యం అల్లాలె. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం (రెండు మూడక్షరాల గుంపు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగక్షరాల గుంపులు), మళ్లీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో దాని ధ్వని కలవాలె. ప్రాసయతి, అంటే వాటి బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలిసినా చెల్లుతది. ఎండ ముదిరితే ఇల్లు ఎట్ల చల్లబడుతదో పద్యమే చెప్పాలె.

దేవరకొండ సభ్యుడు:
పిల్లలందఱు సెలవున నిల్లు చేర
నవ్వ కుండలో చల్లను నందఱ కిడ
మిద్దె నీడను ముచ్చట్లు మీఱుచుండ
నెండ ముదిరినకొద్దియు నిల్లు చలువ

నా మాట: "చేరన్, అవ్వ" కలిసి "నవ్వ" అయ్యేసరికి పిల్లల్ని చూసి ఇల్లు నవ్వినట్లు కూడా వినబడ్డది, బాగుంది. అయితే "కొద్దియు" మిగిలిపోయింది అన్నా. ఎండ తక్కువున్నా ఈ ముచ్చట్లు ఇట్లనే సాగుతయి గద?

దేవరకొండ సభ్యుడు: నిజమే. మొదటి పాదం మారుస్తున్న: "పిల్ల లాటలు చాలించి యిల్లు చేర".

నా మాట: ఇప్పుడు కుదిరింది! ఎండకు ఆట ఆగింది, ఆట ఆగితే ఇల్లు నిండింది.

పాలమూరు సభ్యురాలు:
వట్టివేళ్ల తడికలను గట్టి యుంచఁ
గాలి పొడియైనకొలఁదినిఁ గడవ చెమ్మ
యెగసి పోవుచు వేడిమి నీడ్చుకొనఁగ
నెండ ముదిరినకొద్దియు నిల్లు చలువ

నా మాట: అక్కా, నేను ఎదురుచూసిన పూరణ ఇదే. సమస్యల పొరపొచ్చెమే లేదని చూపించినవు. మన దిక్కు ఎండ పొడి ఎండ. గాలి ఎంత పొడిగుంటే కుండ చెమట అంత తొందరగ ఆరుతది, ఆరుకుంట నీళ్లల్ల వేడిని పట్టుకపోతది. కోస్తా ఉక్కల ఇదే కుండ ఇంత చల్లగ కాదు. "ఈడ్చుకొనఁగ" అన్న మాట దగ్గర నేను ఆగి మళ్లీ చదివిన. ఒక్క కొరత: తడికలు కట్టిన్రు గని వాటిని తడిపిన చెయ్యి కనబడలే.

మా అమ్మ రోజూ పొద్దున కుండను ఇసుక మీది నుంచి దించి, బయట తెల్లగ పేరిన ఉప్పును కొబ్బరిపీచుతో రుద్దుతది. మావి ఉప్పునీళ్లు. రుద్దకపోతే సన్న రంధ్రాలు మూసుకపోయి కుండ చెమర్చదు. "దీనికి ఊపిరాడాలె బిడ్డా" అంటది. ఈ వారంల ఒక పొద్దు నేను రుద్దిన. పది నిమిషాలకే భుజం నొచ్చింది. ఆమె మాట్లాడకుంట పీచు తీసుకొని మిగిలింది పూర్తి చేసింది.

మిర్యాలగూడ కొత్త సభ్యుడు (మొదటి ప్రయత్నం):
తాటిముంజలు తమ్ముఁడు గెలలు తెచ్చె
చెల్లి పుచ్చకాయను గోసి చెంతఁ బెట్టె
నాన్న చెప్పెను బావుల నాటి కథను
నెండ ముదిరినకొద్దియు నిల్లు చలువ

పాలమూరు సభ్యురాలు: తమ్ముడూ, గణాలన్నీ సరిపోయినయి. మొదటి పాదంలనే "తా"కు "గె" యతి కుదరదు. మూడో పాదం మాత్రం ముట్టుకోకు. బావిల ఈత నేర్చిన నాన్నలందరూ అందుల ఉన్నరు.

మిర్యాలగూడ కొత్త సభ్యుడు: ఇట్ల అయితే చెల్లుతదా అక్కా?
"తాటిముంజల గెలఁ దెచ్చి తమ్ముఁ డొలిచె".

పాలమూరు సభ్యురాలు: చెల్లింది. ముంజ నీళ్లు చేతుల మీద కారుతున్నట్లే ఉన్నది.