ఫోర్క్ (డీఎన్‌ఏ రెండు పోగులుగా విడిపోయి కాపీ అయ్యే చోటు) వచ్చేసరికి కొహెసిన్ ఉంగరం ఏమవుతుంది?
శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి కణవిభజన చెప్తున్నానండీ. మాలిక్యులర్ బయాలజీ తెలిసినవాళ్లు దయచేసి సాయం చేయండి.

పుస్తకాల్లో బొమ్మలు చూస్తే సిస్టర్ క్రొమాటిడ్లు (క్రోమోజోమ్ కాపీ అయ్యాక ఉండే రెండు జంట ప్రతులు) సెంట్రోమియర్ (క్రోమోజోమ్ నొక్కుకుపోయినట్టుండే చోటు) దగ్గర మాత్రమే అతుక్కున్నట్టుంటాయి. నిజానికి ఎస్ దశలో, డీఎన్‌ఏ కాపీ అవుతుండగానే, కొహెసిన్ అనే ప్రోటీన్ల సముదాయం వాటిని పొడవునా పట్టి ఉంచుతుంది. అందులోని ఎస్‌ఎంసీ1, ఎస్‌ఎంసీ3, ఆర్‌ఏడీ21 అనే ప్రోటీన్లు కలిసి ఉంగరంలా మూసుకుంటాయి. ఎస్‌ఎంసీ3 మీద అసిటైల్ గ్రూపులు చేరాక వాప్ల్ అనే ప్రోటీన్ ఆ ఉంగరాన్ని తేలిగ్గా ఊడదీయలేదు. అనాఫేజ్ (క్రొమాటిడ్లు విడిపోయే దశ) మొదలయ్యేటప్పుడు సెపరేజ్ అనే ఎంజైమ్ ఆర్‌ఏడీ21ని కోసేస్తుంది. ఇంతవరకు చెప్పగలను.

పలాస నుంచి రోజూ రైల్లో వచ్చే ఒకమ్మాయి అడిగింది: "మేడమ్, ఫోర్క్ రాకముందే డీఎన్‌ఏ మీదున్న ఉంగరం సంగతేంటి? డీఎన్‌ఏని విప్పే హెలికేజ్, కాపీ చేసే పాలిమరేజ్ అన్నీ దాని మధ్యలోంచి దూరిపోతాయా?" ఎంత మంచి ప్రశ్నో! దూరిపోతాయా, లేక ఉంగరం తెరుచుకుని ఫోర్క్ వెనక మళ్లీ మూసుకుంటుందా? ఈస్ట్‌లో పాత ఉంగరాలే కొనసాగే దారి, కొత్తవి చేరే దారి రెండూ ఉన్నాయని చదివాను. ఏ ప్రయోగంతో ఆ రెండింటినీ విడదీసి చూశారు? మనిషి కణాల్లోనూ అంతేనా? బోర్డు మీద బొమ్మ గీసి చూపించగలిగేలా ఎవరైనా వివరిస్తారా? సోమవారం క్లాసులో ఆ పిల్లకి సరైన జవాబు చెప్పాలి.