పక్షవాతం తర్వాత నిమ్ము చేరకుండా హైపర్‌బారిక్ ఆక్సిజన్ ఆపుతుందా?

ప్రశ్న:
మా నాన్నగారికి 68 ఏళ్లు. పదకొండు రోజుల క్రితం మెదడులో రక్తనాళం పూడుకుపోయి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. నీళ్లు తాగిస్తే పొలమారుతున్నందున ముక్కులోంచి కడుపులోకి ఆహారం పోసే రైల్స్ ట్యూబు వేశారు. ఈ స్థితిలో ఊపిరితిత్తులకు నిమ్ము (న్యుమోనియా) చేరడమే పెద్ద గండమని వార్డులో చెప్పారు. ఇంతలో ఒక ప్రైవేటు కేంద్రంవారు, పీడనం పెంచిన గదిలో ఇరవై సిట్టింగులు ఆక్సిజన్ (హైపర్‌బారిక్ ఆక్సిజన్) ఇస్తే న్యుమోనియా రానే రాదని అంటున్నారు. అప్పు చేసైనా ఇప్పిద్దామని తమ్ముడు పట్టుబడుతున్నాడు. ఇది సబబేనా?

సమాధానం 1:
ఆ గదిలో పీడనాన్ని సాధారణంగా మామూలు కంటే రెండు, రెండున్నర రెట్లకు పెంచి ఆక్సిజన్ పీల్పిస్తారు కనుక అది రక్తంలో చాలా ఎక్కువగా కరుగుతుంది. కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావానికి, లోతు నీటి నుంచి గబగబా పైకి వచ్చిన డైవర్లకు, మానని కొన్ని మధుమేహపు పుండ్లకు ఈ చికిత్స వాడుకలో ఉంది. పక్షవాతం సంగతి వేరు. 2014లో కోక్రేన్ సమీక్ష (వైద్య ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి బేరీజు వేసేది) 11 ప్రయోగాలను, 705 మంది రోగులను పరిశీలించి, మేలు జరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదని తేల్చింది.

అసలు నిమ్ము ఎందుకు చేరుతుందో చూడండి. గుటక సరిగ్గా పడక, నోటిలోని క్రిములతో కూడిన లాలాజలం శ్వాసనాళంలోకి జారుతుంది. దగ్గి బయటికి తెచ్చే శక్తి తగ్గుతుంది. పక్షవాతం వల్ల రోగనిరోధక శక్తి కూడా కొంతకాలం కుంగుతుంది. ఆక్సిజన్ ఎంత ఇచ్చినా ఆ జారుడు ఆగదు. గుటక ఇబ్బంది ఉన్న 1224 మందితో బ్రిటన్‌లో జరిపి 2015లో ప్రచురించిన ప్రయోగంలో ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్స్ ఇచ్చినా న్యుమోనియా తగ్గలేదు. రానే రాదని హామీ ఇచ్చేవారిని ఏ ప్రయోగం ఆధారంగా అంటున్నారో రాసిమ్మని అడగండి.

సమాధానం 2:
మా అమ్మను ఇదే స్థితిలో చూసుకున్నాను కాబట్టి రాస్తున్నాను. పీడనం పెరిగినప్పుడు చెవి నొప్పి పుడితే మాట రానివారు చెప్పలేరు. అధిక ఆక్సిజన్ వల్ల అరుదుగా ఫిట్స్ రావచ్చు. ఒక్కరే పట్టే గొట్టంలాంటి గది అయితే, లోపల కఫం అడ్డుపడినా పీడనం దించేవరకు సక్షన్ (కఫాన్ని లాగే గొట్టం) పెట్టడానికి చెయ్యి అందదు.

ట్యూబు ఉంది కదా అని నోటిని వదిలేయకండి. ట్యూబు లాలాజలాన్ని ఆపదు. పళ్లు, నాలుక, చిగుళ్లు రోజూ రెండుమూడుసార్లు శుభ్రం చేయండి. మంచం తలవైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తి ఉంచండి; ట్యూబు ద్వారా ఆహారం పోశాక వెంటనే పడుకోబెట్టకండి. చూడవచ్చిన చుట్టాలు “పాపం, నోరెండిపోతోంది” అని చెంచాడు కాఫీ పోస్తారు. మా ఇంట్లో నిమ్ము మొదలైంది ఆ మర్నాడే. గుటక పరీక్ష చేసి స్పీచ్ థెరపిస్టు సరేననేవరకు నోటితో ఏదీ ఇవ్వకండి. డాక్టరుగారు ఒప్పుకుంటే రోజూ కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తమ్ముడికి ఇదంతా చదివి వినిపించాను. ఆ కేంద్రానికి వెళ్లడం మానుకున్నాం. నిమ్ము మొదలైతే మాకెలా తెలుస్తుంది?

సమాధానం 2:
జ్వరం, ఆయాసం, గొంతులో గురగుర, కఫం రంగు మారడం, ఉన్నట్టుండి మగతగా ఉండటం, వేలి ఆక్సీమీటరులో అంకె పడిపోవడం. పెద్దవయసువారిలో జ్వరం లేకుండానే మగత కనిపించవచ్చు. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా డ్యూటీ డాక్టరును పిలవండి.