‘స్టీమ్ యాట్’ని విహారనౌక అనవచ్చా?

ప్రశ్న: న్యూజిలాండ్ చరిత్ర మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. వలస ప్రభుత్వపు ‘స్టీమ్ యాట్ హినెమోవా’ గురించి అందులో చాలా ఉంది. ‘ప్రభుత్వ ఆవిరి విహారనౌక’ అని రాస్తే బాగుంటుందా?

జవాబు: వద్దండీ. విహారం అనగానే చదివేవాళ్ళకి షికారు గుర్తొస్తుంది. హినెమోవా చేసింది గొడ్డుచాకిరీ. 1876లో స్కాట్లండ్‌లోని గ్రీనక్‌లో కట్టిన ఓడ అది. గవర్నర్లూ మంత్రులూ అందులో తిరిగిన మాట నిజమే, కానీ అసలు పని లైట్‌హౌస్‌లకి సరుకులు, మనుషులను చేరవేయడం. దక్షిణాన ఎవరూ ఉండని ఆక్లండ్, క్యాంప్‌బెల్, ఆంటిపొడీస్ వంటి దీవుల చుట్టూ తిరిగి, ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతకడం కూడా దాని పనే.

‘యాట్’ మాట కూడా షికారులో పుట్టింది కాదు. డచ్చి భాషలో ‘యాఖ్ట్’ అంటే వేట. వెంటాడి పట్టుకునే తేలికపాటి, వేగమైన ఓడలకి ఆ పేరు వాడారు. 1660లో ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కి అలాంటి ఓడ ఒకటి కానుకగా ఇచ్చింది. ఇంగ్లీషులో ఈ మాటకు విలాసపు రంగు అంటింది ఆ రాజుగారి సరదా వల్లే.

నేనైతే ‘సర్కారు స్టీమరు’ అంటాను. గోదావరి జిల్లాల్లో స్టీమరు, లాంచీ, పంటు అన్నీ ఇంటి మాటలే. ఉన్న మాట వదిలి కొత్తది అతికించడం ఎందుకు?

పేరు గురించి కూడా ఒక్క వాక్యం రాయండి. హినెమోవా న్యూజిలాండ్ మూలవాసులైన మావొరీల కథలోని అమ్మాయి. రోటొరువా సరస్సు మధ్య మొకోయా దీవిలో ఉన్న ప్రియుడు టుటనెకై పిల్లనగ్రోవి విని, పడవ దొరక్క, సొరబుర్రలు కట్టుకుని రాత్రివేళ ఈదుకుంటూ వెళ్ళింది. తర్వాత ప్రభుత్వం ఇంకో స్టీమరుకి టుటనెకై అనే పేరే పెట్టింది. నాకిది ఎంతో ముచ్చటగా ఉంటుంది.

ప్రశ్న: చాలా థాంక్సండీ, స్టీమరు అనే రాస్తాను. ఇంకొకటి. ఆ దీవుల్లో ఆపదలో ఉన్నవాళ్ళ కోసం దాచిన ఒక పెట్టె మీద, వెనక ఓడ ఉండగా దీన్ని పగలగొట్టినవాడికి విధవల, తండ్రిలేని బిడ్డల శాపం తగలాలి అని రాసి ఉండేదట. ‘శాపం’ అంటే పౌరాణికంగా వినిపిస్తోంది.

జవాబు: ఇక్కడ మన ‘ఉసురు’ తప్ప ఇంకేదీ సరిపోదు. శాపం పెట్టాలంటే ఎవరో నోరు తెరిచి అనాలి. ఉసురుకి ఆ అవసరం లేదు. అన్యాయం జరిగినవాళ్ళు ఒక్క మాట అనకపోయినా తగులుతుంది. ఉసురంటే అసలు అర్థం ప్రాణం, ఊపిరి. పెట్టెలోని బిస్కట్లు, బట్టలు, అగ్గిపెట్టెలు దొంగిలిస్తే పోయేది ఎవరిదో ఊపిరే కదా.

ఇది అతిశయోక్తి కాదు. 1907 మార్చిలో డండొనాల్డ్ అనే తెరచాప ఓడ ఆక్లండ్ దీవుల్లోని డిసపాయింట్‌మెంట్ దీవి దగ్గర పగిలిపోయింది. బతికినవాళ్ళు నెలల తరబడి సముద్రపక్షుల మాంసం, దుంపలు తిని ప్రాణం నిలుపుకున్నారు. పొద కొమ్మలతో చట్రం అల్లి, దానికి తెరచాప గుడ్డ కుట్టి, ఆ పడవలో పెద్ద దీవికి దాటితే ఆపదలో ఉన్నవాళ్ళ కోసం సరుకులు దాచిన సర్కారు డిపో అక్కడ దొరికింది. శాస్త్రవేత్తలతో వచ్చిన హినెమోవా ఆ నవంబరులో 15 మందిని ఎక్కించుకుంది. ఆ డిపోని ఎవరైనా ముందే దోచేసి ఉంటే?

‘వెనక ఓడ’ బదులు ‘అండ’ వాడి చూడండి: “ఓడ అండ ఉండి కూడా ఈ పెట్టె పగలగొట్టినవాడికి విధవరాళ్ళ ఉసురు, తండ్రి లేని బిడ్డల ఉసురు తగులుతుంది.”