బర్మింగ్‌హామ్ ఆర్కెస్ట్రాకి అంత పేరెలా వచ్చింది?

ప్రశ్న: మా పాప ఇక్కడ వయొలిన్ నేర్చుకుంటోంది. లండన్ ఉండగా ఈ ఊరి సింఫనీ ఆర్కెస్ట్రా అంత ఎలా ఎదిగిందండీ? అంతా ఈ బృందాన్ని నడిపించిన కండక్టర్ సైమన్ రాటిల్ చలవేనా?

జవాబు 1: ఆయనే! 1980లో పాతికేళ్ల కుర్రాడిగా వచ్చి 1998 దాకా కదల్లేదు.

జవాబు 2: అది సగమే. 1920లో మొదలుపెట్టినప్పుడే నగర కౌన్సిల్ డబ్బు పెట్టింది. తొలి సింఫనీ కచేరీకి ప్రసిద్ధ ఇంగ్లిష్ స్వరకర్త ఎల్గార్ అంతటివాడు కండక్ట్ చేశాడు. అయినా చాలా ఏళ్లు వాద్యకారులకు అది పార్ట్‌టైమ్ పనే. 1944లో గానీ పూర్తికాలపు కొలువు కాలేదు. నన్నడిగితే అసలు మలుపదే. అద్దె టెన్షన్ ఉన్నవాడికి రిహార్సల్‌లో మనసెక్కడ నిలుస్తుంది?

ఇక ఆర్కెస్ట్రా వాయించే 1991 నాటి సింఫనీ హాల్. గోడల వెనక ఖాళీ గదులు, వాటికి బరువైన కాంక్రీటు తలుపులు. తెరిస్తే నాదం సాగుతుంది, మూస్తే తేటపడుతుంది. పాపకి ఆ తలుపులు చూపించండి.

ప్రశ్న అడిగినవారు: తప్పకుండా! కౌన్సిల్ ఇప్పటికీ ఇస్తోందా?

జవాబు 2: ఎక్కడిది! 2023లో డబ్బుల్లేక కౌన్సిలే చేతులెత్తేసింది. గ్రాంటు ముందు సగం కోశారు, తర్వాత మొత్తం. ఇప్పుడు టికెట్లు, దాతలు, ఆర్ట్స్ కౌన్సిల్ (కళలకు ప్రభుత్వ సొమ్ము పంచే సంస్థ) సొమ్మే ఆధారం.