వన్నిలో పులులు నడిపింది రాజ్యమేనా?

నదీతీరం:
ఉత్తర శ్రీలంకలో, ముఖ్యంగా జాఫ్నాకు దక్షిణాన ఉన్న వన్ని ప్రాంతంలో, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడిన తమిళ పులుల సంస్థ ఎల్‌టీటీఈ పాలనను ఉత్త తుపాకీ పెత్తనం అని కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. 1991లో పోలీసు శాఖ, 1993లో కోర్టులు, 1994లో బ్యాంకు పెట్టారు. జాఫ్నా తమిళుల పాత ఆచార చట్టం తేసవళమైని సవరించుకుని సొంత స్మృతి రాసుకున్నారు. తర్వాత కిలినొచ్చి రాజధాని అయింది. భూమి తగాదా, అప్పు గొడవ ఆ కోర్టులకే వెళ్లేవి, కొలంబో, అంటే శ్రీలంక ప్రభుత్వ, కోర్టులు అక్కడ నడవలేదు కాబట్టి. 1996లో శ్రీలంక గడియారాలు ముందుకు జరిపితే వీళ్లు పాత టైమే పాటించారు.

పొన్నచెట్టు:
నదీతీరం గారూ, మరి బడిపంతులికి జీతం ఎవరిచ్చారు? కొలంబో. డాక్టర్లకూ కచేరీ ఉద్యోగులకూ అంతే. మన కలెక్టరు లాంటి ప్రభుత్వ ఏజెంటు జిల్లాలోనే ఉండేవారు, రేషను ఆయన కచేరీ నుంచే కదిలేది. పులులు పైన కూర్చుని అజమాయిషీ చేశారు. జీతాలు ఆపేస్తే ఆ నేల తనది కాదని కొలంబో తానే ఒప్పుకున్నట్టవుతుంది, అందుకే ఆపలేదు. అది ఒకరి ఖర్చుతో ఇంకొకరు చేసిన పాలన.

నదీతీరం:
పన్ను సంగతి వదిలేశారు. 2002 ఫిబ్రవరి కాల్పుల విరమణ తర్వాత వన్ని మీదుగా జాఫ్నా వెళ్లే ఏ9 రోడ్డు తెరిచారు. ఓమందై దగ్గర సైన్యం తనిఖీ దాటిన లారీ కాస్త ముందుకెళ్లి మళ్లీ ఆగేది. పులుల సుంకం మనుషులు సరుకు చూసి, రకాన్ని బట్టి లెక్కగట్టి, డబ్బు తీసుకుని రసీదు ఇచ్చేవారు. దారిదోపిడీగాడు రసీదు ఇవ్వడు కదండీ.

పొన్నచెట్టు:
అదే బలహీనత కూడా. 2006 ఆగస్టులో ఆ రోడ్డు మూతపడింది, సుంకమూ పోయింది. విదేశాల్లోని తమిళుల చందాలు ఎంత వచ్చినా ఊళ్లోకి బియ్యం, మందులు రావాలంటే కొలంబో గేటు తెరవాల్సిందే. 2009 జనవరి 2న కిలినొచ్చి సైన్యం చేతికి చిక్కింది.

గుండుమల్లె:
ఇద్దరూ డబ్బు దగ్గరే ఆగారు. 1990 అక్టోబరులో ఉత్తరాది ముస్లింలను మొత్తంగా వెళ్లగొట్టారు. జాఫ్నా పట్టణంలో ఇచ్చిన గడువు రెండు గంటలు. దాన్ని పక్కనపెట్టి ఈ పాలన గురించి మాట్లాడలేం. కోర్టుల సంగతీ చూడండి. అప్పు ఎగ్గొట్టినవాడి మీద కేసు వేయొచ్చు, సరే. పదిహేనేళ్ల కూతుర్ని దళంలోకి పట్టుకుపోతే? పట్టుకుపోయినవాళ్లే న్యాయమూర్తిని నియమించేవాళ్లు. అందుకే వన్నిలో తల్లిదండ్రులు ఆ ఫిర్యాదులను యూనిసెఫ్‌కు చెప్పుకున్నారు.